ఎర్నమ్మ గడ్డిపోచ

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా గోచీ కట్టుకోవడం కూడా రాని రోజుల్లో, ఒక ఊళ్లో ఎర్నమ్మ అనే ముసలిది కట్టెలమ్ముకుని బతికేది. ఆమెకు తీపి జబ్బు. మూత్రానికి కూర్చున్న చోట చీమలు చేరే జబ్బు. దానివల్ల పాదాలు మొద్దుబారాయి. తుమ్మముల్లు దిగినా తెలియక, కుళ్లి, రెండు వేళ్లు పోయాయి. అప్పటినుంచి రోజూ పొద్దుగూకే ముందు గడప మీద కూర్చుని అరికాళ్లు తిప్పి చూసుకునేది. మొహం కడుక్కోవడానికే బద్ధకించే ఊరు, ఆమెను చూసి నవ్వేది.

ఏటా అమ్మవారి జాతరలో మొక్కున్నవాళ్లు నిప్పులగుండం తొక్కేవాళ్లు. అందరూ కుప్పిగంతులేస్తూ దాటేవాళ్లు. పూజారి అయితే అమ్మవారి కంటే ముందు వాళ్లమ్మను తలుచుకునేవాడు. ఊరిపెద్ద గవరయ్య మాత్రం మొదటి ఏడు తీరిగ్గా నడిచాడు. రెండో ఏడు మధ్యలో ఆగి మీసం తిప్పాడు. మూడో ఏడు డప్పులు ఆగేదాకా నిప్పుల్లోనే నిలబడతానన్నాడు. అమ్మ పూనిందని ఊరంతా దండాలు పెట్టింది.

గుండానికి కట్టెలు పేర్చేది ఎర్నమ్మే. రెండో ఏడు ఆయన నడిచిన బూడిదలో తడి అడుగు చూసింది. అది చెమట కాదు. చీమూ నెత్తురూ.

గవరయ్య ఇంటికెళ్లి పుండు సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు. పొలం గట్టు మీద చెప్పింది. నీకు కుళ్లు అన్నాడు. మూడోసారి చెప్పడానికి గుండం ఒడ్డు తప్ప చోటు మిగల్లేదు.

జాతర రోజు నిప్పులు కణకణమంటున్నాయి. డప్పులు మోగుతున్నాయి. గవరయ్య చెప్పులు విడిచాడు. ఎర్నమ్మ వచ్చి ఆయనకూ గుండానికీ మధ్య కూర్చుంది.

"లేవే" అన్నాడు పూజారి.

"లేస్తాను బాబూ. ముందు ఈ గడ్డిపోచతో ఒక పరీక్ష. నేను ఓడితే నన్నే గుండంలోకి తొయ్యండి."

జనానికి బేరం నచ్చింది. ఎవరో ఒకరు కాలితే చాలు కదా.

ముందు ఒక డప్పువాడి కళ్లు మూయించి, అరికాలి మీద పోచ ఆడించింది. వాడు కిచకిచ నవ్వి డప్పు జారవిడిచాడు. తర్వాత పూజారి. ఆయన ఎగిరి పక్కవాడి మీద పడ్డాడు. మూడోది గవరయ్య. కళ్లు మూసుకుని కాలు చాచాడు. ఎర్నమ్మ మడమ నుంచి వేళ్లదాకా గీసింది. మళ్లీ గీసింది. మళ్లీ గీసింది.

"ఊఁ, మొదలుపెట్టవే" అన్నాడు గవరయ్య.

ఒక్కరూ నవ్వలేదు. మిగతా డప్పులూ ఆగిపోయాయి.

"అయిపోయింది బాబూ" అంది ఎర్నమ్మ. "నీ కాళ్లలో ఉన్నది అమ్మవారు కాదు. నా జబ్బే."

గవరయ్య కళ్లు తెరిచాడు. పోచ వంక చూశాడు. నిప్పుల వంక చూశాడు. ఆయనకు నిప్పంటే భయం వేయడం అదే మొదలు. నయమవుతుందా అని మెల్లగా అడిగాడు.

"పూర్తిగా పోదు బాబూ. దాంతో బతకడం నేర్చుకోవాలి. రా, నేర్పుతాను."

అప్పటినుంచి ఆ గడప మీద రోజూ నాలుగు అరికాళ్లు కనిపించేవి. పుండుకు కట్టు కట్టారు. బెల్లం మాన్పించారు. పాయసం కోసం ఆయన పసిపిల్లాడిలా ఏడ్చేవాడని వాళ్లావిడే ఊరంతా చెప్పింది. ఆయన జబ్బు పోలేదు. కాలూ పోలేదు.

ఎర్నమ్మ పోయి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. ఈనాటికీ ఆ ఊరి గుండం దగ్గర ముందుగా ఒక ముసలమ్మ గడ్డిపోచతో కూర్చుంటుంది. నవ్వినవాడే నిప్పు తొక్కాలి. ఎంత పెద్దమనిషైనా అమ్మవారి ముందు కాసేపు కిచకిచలాడాల్సిందే. నవ్వనివాణ్ని మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యరు. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, "కూర్చో, పాదం చూద్దాం" అంటారు.