రాజుగారి దవడపన్ను, కూచోలేని ఊరు

పక్కలు సర్దుకున్నారా? పావనీ, ఆ కాళ్ళు తమ్ముడి మీద వెయ్యకు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా అనుకోండి, గవ్వలకోట అని ఒక ఊరు. ఆ ఊరికి జగ్గరాజు అని ఒక రాజు. మంచివాడే. కోపిష్టి కాదు, యుద్ధాల పిచ్చి లేదు. ఉన్నదల్లా తీపి పిచ్చి. భోజనమయ్యాక మంచమెక్కి, పటికబెల్లం ముక్కొకటి బుగ్గన పెట్టుకుని, అది కరుగుతుంటే అలాగే నిద్రపోయేవాడు. పొద్దున్నే ఇంత ఇటిక పొడి వేలితో అద్ది, బరబరా నాలుగు రుద్దులు రుద్ది ఉమ్మేసేవాడు. ముందుపళ్ళు తళతళలాడేవి. వెనక దవడపళ్ళ దాకా వేలు పోతేగా.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. రాజు నించుంటే ఊరు నించోవాలి, రాజు కూచున్నాకే ఊరు కూచోవాలి. తప్పితే ఊళ్ళోంచి వెళ్ళగొట్టడమే. కోట బురుజు మీద నగారా పెట్టారు. రాజు లేస్తే ఒక దెబ్బ, కూచుంటే రెండు దెబ్బలు. ఏ ముత్తాత పెట్టాడో ఏమో. రాజన్నవాడు ఎంతసేపు నించుంటాడు గనక? ఆ కాస్తసేపూ అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ కూచునేవాళ్ళు. అందులో కష్టం ఉందని ఎవరికీ తెలీలేదు.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారు పీచుమామిడి పండు జుర్రుతుంటే దవడపంట్లో చురుక్కుమంది. చురుక్కు కాస్తా సలుపయింది, సలుపు కాస్తా పోటయింది. కూచుంటే పోటు, పడుకుంటే ఇంకా పోటు. లేచి అటూ ఇటూ నడిస్తే కాస్త మరుపు. అంతే, లేచాడు. నగారా ఒక దెబ్బ మోగింది. ఇహ ఆ రెండు దెబ్బలూ మోగితే ఒట్టు.

రాజు కూచోలేదని రాణి కూచోలేదు. రాణి కూచోలేదని మంత్రి కూచోలేదు. మంత్రి కూచోలేదని తలారి కూచోలేదు. తలారి కూచోలేదని కుమ్మరి కూచోలేదు. కుమ్మరి కూచోలేదని సారె తిరగలేదు. సారె తిరగలేదని కుండ లేదు, కుండ లేదని కూడు లేదు. బడిలో పంతులు, మగ్గం ముందు సాలె, పొయ్యి ముందు ముసలమ్మ, అందరూ నిలువుకాళ్ళ మీదే. కోడి మాత్రం గుడ్ల మీద కూచుంది. దానికి కట్టుబాటు తెలీదు కదా. ఊఁ కొడుతున్నారా?

రాజు వసారాలో ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి. ఆస్థాన వైద్యుడు వల్లంభొట్లు పంట్లో పురుగు చేరిందన్నాడు. వాకుడు గింజలు నిప్పుల మీద పోసి, ఆ పొగ పట్టుకుని రాజు వెనకాల పరిగెత్తాడు. పొగ పంటికి తగలక ముక్కులోకి పోయి రాజుకి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మినప్పుడల్లా పోటు. మంత్రి తన తెలివికి చిగురు మీద సున్నం పెట్టించాడు. చిగురు కాస్తా పొక్కిపోయింది. రాణిగారి దాది తవుడు మూట వేడి చేసి బుగ్గకి కట్టింది. సాయంత్రానికి బుగ్గ బూరెలా పొంగింది. ముగ్గురూ మూడు పనులు చేశారు గానీ, నోరు తెరవండి బాబూ చూస్తాను అన్నవాడు ఒక్కడు లేడు. అయినా నడిచేవాడి నోట్లోకి ఎలా చూస్తారులే.

మూడు రోజులు గడిచాయి. జనం గోడకి చేరగిలబడి, స్తంభాలు కావలించుకుని కునుకులు తీస్తున్నారు. కుమ్మరివీధిలో నూకాలని ఒక కోడలుపిల్ల. నెలలు నిండిపోయాయి, నేడో రేపో అన్నట్టుంది. కాళ్ళు వాచి ఏనుగు కాళ్ళల్లా అయ్యాయి. అత్త పైడమ్మ వీపుకి వీపు ఆనించి కోడల్ని నిలబెడుతోంది. కుండలు కాల్చే ఆవం వెనక చాటుగా కూచోవే, ఎవరు చూస్తారు అని అత్త బతిమాలింది. తలారి చూస్తే నా బిడ్డ బాట మీద పుడతాడత్తా అంది నూకాలు. మరి కూచోకపోతే ఎక్కడ పుడతాడే నీ మొహం అంది అత్త. అదీ నిజమే. నూకాలికి ఒకచోట నిలవబుద్ధి కాలేదు. నొప్పులు మొదలయ్యేలోగా రాజుని కూచోబెట్టాలి. వేరే దారి లేదు.

ఆ పిల్లకి అయిదో నెల నించీ తోముకుంటే చిగుళ్ళు కాస్త నెత్తురు చిమ్మేవి. కడుపుతో ఉన్నవాళ్ళకి అదొకటి ఉంటుంది. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, వేపపుల్ల మెత్తగా నమిలి నెమ్మదిగా తోముకునేది. అదే ముంతలో ఉప్పునీళ్ళు కలుపుకుని కోటకి బయల్దేరింది. అత్త తిడుతూనే వెంట నడిచింది. నిండు చూలాలని ద్వారం దగ్గర భటులు కూడా అడ్డం చెప్పలేదు.

వసారా ఇరుకు. నూకాలు పోయి మధ్యలో నిలబడింది. ఆ పొట్ట దాటి పోవడానికి రాజుకి దారి లేదు. మూడు రోజుల్లో మొదటిసారి ఆగాడు.

"మారాజా, నొప్పి మీ కాళ్ళలో లేదు. ఎంత నడిస్తే ఏం, అదీ మీతో పాటే నడుస్తుంది. నోరు చూపించండి," అంది.

ముందు ముంత చేతికిచ్చి పుక్కిలించమంది. నోటినిండా నీళ్ళతో నడిస్తే గడ్డం మీద కారిపోతాయి, అందుకని నిలబడే పుక్కిలించాడు. మూడుసార్లు చేయించింది, సున్నం కడుక్కుపోయింది. తర్వాత అసలు మాట చెప్పింది. తను పొట్టి, ఆయన పొడుగు, ఈ పొట్టతో పీటెక్కలేదు, చూడాలంటే ఆయన కూచోవాల్సిందే.

రాజు బుగ్గ పట్టుకుని కుర్చీ వంక ఒక చూపు చూసి, మెల్లిగా కూచున్నాడు.

నగారా రెండు దెబ్బలు. ఊరంతా ఒక్కసారే కూలబడింది. అరుగుల మీద కొందరు, బురదలో కొందరు, పైడమ్మయితే అక్కడే గచ్చు మీద. నూకాలికి రాణిగారే పీట వేసింది.

దవడపళ్ళ సందున మామిడి పీచు ఇరుక్కుని ఉంది, పక్క పంట్లో మినపగింజంత పుచ్చు. మంత్రి గుండుసూదితో కెలకబోతే నూకాలు కెలకనివ్వలేదు. శుభ్రంగా కడిగిన నూలుపోగు సందులోకి దించి, మెల్లిగా అటూ ఇటూ ఆడించి పీచు తీసింది. లవంగం నలిపి దూదిలో చుట్టి, చిగురుకి తగలకుండా పంటి మీద పెట్టింది. తవుడు మూట విసిరేసి చల్లటి తడిబట్ట బుగ్గకి వేయించింది. వాచిన బుగ్గకి వేడి పెట్టకూడదర్రా, వాపు ఇంకా ఎక్కువవుతుంది.

రాజుకి ప్రాణం లేచొచ్చింది. తగ్గిపోయిందన్నాడు. తగ్గింది నొప్పి, పుచ్చు అలాగే ఉంది, బుగ్గ వాచిందంటే ఇంటివైద్యం చాలదు, ఇవాళే పళ్ళవైద్యుణ్ణి పిలిపించండి అంది నూకాలు. పక్క పేటకి బండి పోయింది. అది వచ్చేలోగా నూకాలికి నొప్పులు మొదలయ్యాయి. ఇంటికెళ్ళే వేళ లేదు. రాణి తన గదే ఇచ్చింది, మంత్రసాని వచ్చింది.

పళ్ళవైద్యుడు ఇమాం సాయిబు వచ్చి నోరు చూశాడు, ఈ పన్ను ఇహ ఉంచేది కాదన్నాడు. మూట విప్పి పట్టకారు తీశాడు. ఆ పట్టకారు చూడగానే రాజుగారి మోకాళ్ళు వాటంతటవే సాగాయి. సగం లేచాడు. బురుజు మీదవాడు కర్ర ఎత్తాడు. లోపల గదిలో మూలుగు వినిపించింది.

మంత్రసాని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"లేస్తారా బాబూ? లేస్తే చెప్పండి, ఆ పిల్లని కూడా లేపాలి," అంది.

రాజు పట్టకారు వంక చూశాడు. గుమ్మం వంక చూశాడు. పారిపోవాలని ఒళ్ళంతా ఒకటే పీకులాట. ఏమనుకున్నాడో, మళ్ళీ కుర్చీలో చతికిలబడి, రెండు చేతులా కుర్చీ కోళ్ళు బిగించి పట్టుకుని, నోరు బార్లా తెరిచాడు.

ఇక్కడ పన్ను ఊడింది, అక్కడ బిడ్డ కేర్‌మంది. ఏది ముందో అని గవ్వలకోటలో ఇప్పటికీ వాదించుకుంటారు.

ఆడపిల్ల. రాజు నోట్లో దూది బిగబట్టి ఉన్నాడు, మాట రాదు. అందుకని చేతులతోనే బురుజు చూపించి, నగారా దింపెయ్యమని సైగ చేశాడు. ఆ వేళతో ఆ కట్టుబాటు పోయింది. ఊరు తనకి తోచినప్పుడు లేచింది, తోచినప్పుడు కూచుంది.

పదిరోజులకి రాజు కుమ్మరివీధికి బాలింతని చూడ్డానికి వచ్చి, నేల మీదే కూచున్నాడు. నూకాలు బిడ్డని ఒళ్ళో వేసుకునే చెప్పింది. పొద్దున్నా పడుకోబోయే ముందూ రెండుపూటలా తోమాలి, ఇటిక పొడీ బూడిదా వద్దు, దవడల వెనక దాకా మెత్తగా తోమాలి, తిన్నప్పుడల్లా పుక్కిలించాలి, బుగ్గన తీపి పెట్టుకుని నిద్రపోతే పన్ను పుచ్చుతుంది. రాజు బుద్ధిగా తలూపాడు. బిడ్డ ఆవులిస్తే ఒక్క పన్నూ లేని నోరు కనపడింది. రాజు తన ఖాళీ చూపించి నవ్వాడట.

అంతా సుఖంగా ఉన్నారు. నొప్పి ఎక్కడుందో అక్కడ చూడాలర్రా, దాని చుట్టూ తిరిగితే ఒరిగేదేం లేదు.

కథ కంచి దారి పట్టింది. మనం మటుకు పెరట్లోకి పోయి, నోళ్ళు కడుక్కొచ్చి పడుకుందాం. లేవండి.