బోయీ భుజానికి సూది

కుంతలపాడు రాజుగారికి ప్రతి సోమవారం వైద్యుడు త్ర్యంబకశాస్త్రి భుజంలోకి సూదితో సత్తువ మందు ఎక్కించేవాడు. "వారానికొక్క పోటు చాలు ప్రభూ, ఏడు రోజులూ అలుపుండదు. నేనూ పొడుచుకుంటాను" అనేవాడు. అయినా రాజు పల్లకి దిగి పదడుగులు వేసిన పాపాన పోలేదు.

ఒక మంగళవారం కొండ ఎక్కుతుంటే పల్లకి నెమ్మదించింది.

"ఈ బోయీలకూ పొడవాలి ప్రభూ! వద్దన్నవాణ్ణి కొలువులోంచి తీసెయ్యండి" అన్నాడు గుర్రం మీద వస్తున్న శాస్త్రి.

ముందు బొంగు మోస్తున్న ఓబన్న వినయంగా అన్నాడు: "అట్టాగే ప్రభూ. కానీ సూది పడిన భుజం మీద బొంగు ఆనుతుందా అని నా అనుమానం. అయ్యగారు నిన్ననే పొడుచుకున్నారు కదా, కాసేపు నా చోట మోసి చూపిస్తే..."

రాజుకూ చూడాలనిపించింది. శాస్త్రి కాదనలేక గుర్రం దిగి బొంగు ఎత్తుకున్నాడు. ఇరవై అడుగులకే చతికిలబడ్డాడు.

"మరి నువ్వేం మందు తింటావురా?" వింతగా ఓబన్నను అడిగాడు రాజు.

"పొద్దున్నే రాగి అంబలి ప్రభూ. ఆపైన రోజంతా మిమ్మల్ని మోయడం."

రాజు పల్లకి దిగాడు. శాస్త్రిని లోపల కూర్చోబెట్టి, తానే బొంగు కింద భుజం పెట్టాడు.

కొండెక్కాక వగరుస్తూ రాజుగారు అడిగింది ఒక్కటే: "ఓబన్నా, అంబలేమైనా మిగిలిందా?"