రంగు బుడగల ఆట

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు రుక్మాంబగారికి లేదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని పురమాయిస్తారు. భీమిలి దాటాక సరుగుడు తోటల్లో ఉన్న ఆమె ఆశ్రమానికి పెద్ద పెద్ద సందేహాలు మోసుకొచ్చి, చివరికి కాకరకాయలు తరిగి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు.

త్రినాథ్ ఒక మధ్యాహ్నం, వెళ్ళిపోదామని సంచీ సర్దేసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టి ధ్యానం నేర్చుకోవాలని చేరినవాడు. ఉండిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, ఉండే అర్హత లేదని సిగ్గు చంపేస్తోంది.

"అమ్మా, కళ్ళు మూసుకుంటే నా మనసు క్షణం నిలవదు. అదే, హాల్లో టీవీలో బుడగల ఆట పెట్టుకుంటే పక్కన ఎవరు పిలిచినా వినపడదు. ఆటకి నిలిచే మనసు దేవుడికి ఎందుకు నిలవదు? నాలాంటివాడు ఇక్కడ ఉండి ఏం లాభం?"

ప్రవచనాలు వినమని ఎవరో భక్తుడు టీవీకి గుచ్చే స్టిక్ ఒకటి కొనిచ్చాడు. ప్రవచనాలతో పాటు చిన్న చిన్న ఆటలూ అందులోంచి ఊడిపడ్డాయి. రుక్మాంబగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఏటి నాయనా ఆ ఆట? నాకూ చూపించు," అన్నారు.

త్రినాథ్ నేర్పాడు. పైనుంచి రంగు బుడగలు మెల్లగా దిగుతుంటాయి. రిమోట్‌తో గురి చూసి బటన్ నొక్కితే కిందనుంచి ఇంకో బుడగ ఎగిరి వెళ్తుంది. ఒకే రంగువి కలిస్తే పేలిపోతాయి. పేలనివి అడుగుకి చేరాయా, ఓడిపోయినట్టే.

రుక్మాంబగారు నీలం బుడగని తీసుకెళ్ళి పసుపుదాని పక్కన పెట్టారు.

"అయ్యో, నీలానికి నీలం కలవాలమ్మా!"

"పాపం, ఆ పసుపుది ఒక్కతే ఉంది కదా."

ఓడిపోయారు. చప్పట్లు కొట్టి మళ్ళీ పెట్టించుకున్నారు. మళ్ళీ ఓడారు. త్రినాథ్ లేచి నిలబడ్డాడు. ఇంకోసారి బుడగలు అడుగు దాకా దిగేసరికి ఉండబట్టలేక, గురువని కూడా చూడకుండా ఆమె చేతిలోని రిమోట్ లాక్కున్నాడు. లాక్కున్నాక గానీ ఏం చేశాడో తెలిసిరాలేదు. తల ఎత్తలేకపోయాడు.

ఆమెకి కోపం రాలేదు. "ఆడింది నేను కదా నాయనా. ఓడిపోయింది నువ్వేటి?"

అతను రిమోట్ తిరిగి ఆమె చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. ఈసారి ఎటు కొట్టాలో చెప్పలేదు. ఎర్రవి వచ్చాయి, పచ్చవి వచ్చాయి, కొన్ని పేలాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. సరుగుడు చెట్ల హోరులో సముద్రం హోరు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ తెర మీద పడి రంగులన్నీ వెలిసినట్టయ్యాయి. అదీ బాగానే ఉంది. ఎన్నేళ్ళకో ప్రాణం హాయిగా ఉంది.

ఎప్పటికో చూస్తే తెర ఖాళీగా ఉంది. రిమోట్ చాప మీద ఉంది.

"అమ్మా, ఆట ఎప్పుడు అయిపోయింది?"

"ఏమో నాయనా, నేను చూళ్ళేదు. ఇంతసేపూ నువ్వు కదలకుండా కూర్చుంటే, నిన్నే చూస్తున్నాను."