పసుపు రాసిన వాసాలు

జగన్నాథయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే మళ్ళీ రమ్మనేవారు.

శిష్యుడు పైడిరాజుకు ఆ సంగతి తెలుసు. అయినా ఒక వేసవి ఉదయం, పాఠం ముగిశాక ఉండబట్టలేకపోయాడు. కొడుక్కి శ్రావణంలో పెళ్ళి. కొత్త దంపతులకు డాబా మీద ఒక గది వేయాలని మర్నాటికి తాపీమేస్త్రీని రమ్మన్నాడు. తీరా మున్సిపల్ ఆఫీసులో, ప్లాను గీయించి అనుమతి తీసుకోనిదే ఇటుక పెట్టవద్దన్నారట. పోయినేడు సున్నం వేయించినప్పుడూ, పగిలిన గచ్చు బాగుచేయించినప్పుడూ అడగనివాళ్ళకు ఇప్పుడెందుకీ పెత్తనం అని అతని కష్టం. ఆలస్యమైతే వానలు పడతాయి, పెళ్ళి ముంచుకొస్తుంది.

"స్థలం నాది, ఇల్లు నాది. ఒకరి అనుమతి దేనికండీ?" అన్నాడు.

గురువుగారు గోడ ఏ వైపు, ఎంత ఎత్తు లేస్తుందో అడిగారు. డాబా తూర్పు అంచున వెదురు వాసాలు నిలబెట్టి, అంత ఎత్తునా గోడలా ఒక బరకం పట్టా కట్టమన్నారు. మధ్యాహ్నం తానే వస్తానన్నారు.

గురువుగారంతటివారు వస్తానన్నారంటే అది శంకుస్థాపనే అనుకున్నాడు పైడిరాజు. వాసాలకు పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, మామిడి తోరణం కట్టి కొబ్బరికాయతో ఎదురుచూశాడు.

పొద్దు పడమటికి వాలాక ఆయన వచ్చారు గాని డాబా ఎక్కలేదు. తిన్నగా తూర్పు పక్కింటి వాకిట్లోకి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. కొబ్బరికాయ పట్టుకుని పైడిరాజూ వెళ్ళాడు. అది అప్పలనరసమ్మ ఇల్లు. ఎండలున్నన్నాళ్ళూ వడియాలు పెట్టి, అవి అమ్ముకుని ఏడాది నెట్టుకొచ్చే మనిషి. వాకిలంతా పాతచీరల మీద పిండి వడియాలు ఎండుతున్నాయి. వాటి మీదికి బరకం నీడ వచ్చి పడింది. ఆవిడ చీర కొసలు పట్టి ఎండలోకి లాగింది. కాసేపటికి నీడ అక్కడికీ వచ్చింది. మళ్ళీ లాగింది. ఇక లాగడానికి చోటులేక నడుం పట్టుకుని పైకి చూసింది.

"ఏటి పైడిరాజూ, కొడుకు పెళ్ళిపందిరి అప్పుడే ఏసేసినావేటి? నన్ను పిలవనేదు మరి," అని నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. "పోనీలే, సుబకార్యం. పెళ్ళయ్యాక తీసేస్తావు గదా. ఈ ఏడుకి ఎలాగో సర్దుకుంటాను."

పైడిరాజు కొబ్బరికాయను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తన తరఫున ఏమైనా అంటారేమోనని గురువుగారి వంక చూశాడు. ఆయన ఒక వడియాన్ని తిరగేసి, పచ్చి ఆరిందో లేదో చూస్తున్నారు.

ఇంటికి వెళ్ళి ముందు బరకం విప్పేశాడు. మేస్త్రీని మర్నాడు రావద్దని కబురు చేశాడు. గురువుగారిని సాగనంపుతూ, "ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఈవిడ వడియాల సంగతి ఏం తెలుస్తుందండీ?" అన్నాడు మెల్లగా.

"తెలియదు," అన్నారాయన. "పక్కింట్లో ఉన్నవాడివి, నీకూ తెలియలేదుగా. అందుకే కాబోలు, ముందు గీసి చూపించమంటారు."