బావి అడుగున ఒక్క మాట

అనగనగా, మబ్బులు కూడా ముఖం చాటేసిన మెట్టసీమలో ఒక చిన్న రాజ్యం. మూడేళ్లుగా చినుకు లేదు, బావులన్నీ ఎండాయి. శనివారంలోగా నీళ్లు పడకపోతే ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని ఎక్కడో ఏటి దరికి పోవలసిందే.

బావులు తవ్వే సిద్ధప్ప కోట వాకిట నేల చూసి, ఇక్కడ జల ఉంది, పడకపోతే మళ్లీ గడ్డపార ముట్టనని రాజుతో చెప్పాడు. అన్నవాడు అన్నట్టే దిగాడు. పైనుండి భార్య ఓబులమ్మ, ఇద్దరు కూలీలు గంపతో మట్టి లాగేవారు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. లోతు బావిలోంచి నాలుగు మాటలు అరిస్తే పైకి వట్టి హోరే వినిపిస్తుంది. అందుకే బావుల వాళ్లు అడుగునుంచి ఒకే మాట పలుకుతారు. దాని అర్థం ఓబులమ్మనడిగితే చెప్పేదే. ఎవరడిగారు గనక!

గురువారం మంత్రి తిరువెంగళయ్య వచ్చి, పడ్డాయా అని కేకేశాడు.

"ఇంకా!" అని వినబడింది.

మంత్రిగారు మంచి భోజనప్రియులు. పెట్టింది చాలలేదు కాబోలు పాపం అనుకుని గంపెడు అరిసెలు దింపించాడు. సిద్ధప్ప తెల్లబోయి, పెడితే వద్దనడమెందుకని తిని, మళ్లీ పనిలో పడ్డాడు.

శుక్రవారం సేనాపతి వచ్చాడు. ఆయనకు ప్రతిదీ చిటికెలో అయిపోవాలి. మళ్లీ అదే మాట విని, ఇంకా ఇంకా అంటూ ఎన్నాళ్లు సాగదీస్తాడు ఈ సోమరి అని చిర్రెత్తిపోయి, కూలీలిద్దరినీ పంపేశాడు. ఓబులమ్మ ఒక్కతే తాడు లాగింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

శనివారం రాజే వచ్చాడు. వెనకాల బండ్లు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇంకా అన్న మాట చెవిన పడగానే, ఇంకా లేవనే కదా అని ఆయన గుండె జారిపోయింది. బావి పూడ్చేయమన్నాడు.

పైకి రమ్మని తాడు కదిపారు. సిద్ధప్ప అరికాలికి అప్పుడే చల్లగా తడి తగిలింది. ఇప్పుడు పైకి పోతే తన మాటా పోతుంది, ఊరూ పోతుంది. తాడు ముట్టుకోలేదు.

ఓబులమ్మ ఖాళీ గంప పట్టుకుని రాజుకు ఎదురుగా నిలబడింది. "మహారాజా, లేవు అనాలంటే మా ఆయన లేవనే అంటాడు. ఒక్కసారి దిగి చూడండి."

రాజు దిగాడు. కాళ్లకు తడి మట్టి అంటుకుంది. సిద్ధప్ప ఆయన చేతికి గడ్డపార ఇచ్చాడు.

"ఇంకా అంటే, ఇంకొంచెం తవ్వాలని ప్రభూ."

రాజు రెండు పోట్లు వేశాడో లేదో, జల ఉబికి మోకాళ్ల దాకా వచ్చింది. పడ్డాయా ప్రభూ అని పైనుంచి మంత్రి అరిచాడు. నీళ్లు ఇంకా ఇంకా ఊరుతున్నాయని చెప్పబోయిన రాజు నోట, ఆనందం పట్టలేక, ఒక్క మాటే వచ్చింది.

"ఇంకా!"

మంత్రి వెంటనే గంపెడు అరిసెలు దింపించాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి రాజూ సిద్ధప్పా కడుపుబ్బ నవ్వుకుంటూ తిన్నారు. బండ్ల ఎద్దులను విప్పేశారు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా ఒక్క మాట అంటే దాని అర్థం మన మనసులో వెతుక్కోకుండా, అన్నవాళ్లనే అడిగి తెలుసుకోవాలి.