అంకాలు వంతు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, తుంగమడుగు అని ఒక మడుగు ఉండేదట. ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే ఆ ఒడ్డుకు వినపడేది కాదట. నడిమధ్యన మనిషి ఎత్తు తుంగ. ఆ తుంగలో నీటికోళ్లు, బాతులు, ఎర్రకొంగలు.

ఒడ్డున అంకాలు అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. తుంగ కోసుకుని, చాపలు అల్లుకుని బతికేది. గూడు కనిపిస్తే దాని చుట్టూ కాస్త తుంగ వదిలేసి పక్కకు పోయేది. అంతకుమించి ఆవిడ గురించి చెప్పుకోవడానికి అప్పటికి ఏమీ లేదు.

మడుగుకు ఎగువన నీలిమందు తొట్లు ఉండేవి. ఒక ఏడాది వానలకు వాటి గట్టు తెగి, ఆ నీలమంతా మడుగులో కలిసింది. మొదట చేపలు తేలాయి. తర్వాత గేదెలు పడ్డాయి. ఆ తర్వాత పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి.

ఊరి పెద్ద సూరన్న మంచివాడే. తొట్లు మూయించాడు. అందరినీ పిలిచి, చెడిన నీళ్లను ఏమీ మొలవని చవిటి నేలలోకి వదిలేద్దామన్నాడు. తుంగను తగలబెట్టి, అడుగున పేరిన బురదంతా ఎత్తిపోసి, ఏటి నీళ్లు పెట్టుకుందామన్నాడు. ఊరు సరే అంది.

అంకాలు ఒక్కతే వెళ్లి, తుంగలో పక్షి పిల్లలున్నాయి, వాటికి రెక్కలొచ్చేదాకా ఆగమంది. ఊళ్లో పిల్లలు ఎన్నాళ్లు ఆగుతారని సూరన్న అడిగాడు. అంకాలు తిరిగొచ్చింది.

రెండోసారి వెళ్లి, తుంగ ఉన్న మేర వదిలేయమంది. అక్కడ విషం మిగిలితే కొత్త నీళ్లూ చెడతాయన్నాడు. అదీ నిజమే. తిరిగొచ్చింది.

మూడోసారి వెళ్లి గడప ముందు నిలబడింది.

“బాబూ, తుంగకు నిప్పు పెట్టొద్దు. అక్కడి బురద నేను ఎత్తుతాను.”

“ఒక్కదానివా?”

“ఒక్కదాన్నే. మిగతా మడుగు మీరు బాగుచేసేలోపు నా వంతు తేలకపోతే అప్పుడు తగలబెట్టండి.”

సూరన్న సరేనన్నాడు.

ఊరంతా పలుగూ పారా పట్టుకుని మడుగులో దిగింది. అంకాలు తట్ట పట్టుకుని తుంగలో దిగింది. పార వేస్తే గూళ్లు కదులుతాయని చేతులతోనే తోడేది. పక్షులు బెదిరి లేస్తే ఆగేది. అవి వాలాక మళ్లీ వంగేది.

“లేవకండమ్మా, నేనే.”

తోడేది, మోసేది, చవిటి నేలలో పోసేది.

“లేవకండమ్మా, నేనే.”

తోడేది, మోసేది, పోసేది. కొన్నాళ్లకు పక్షులు లేవడం మానేశాయి.

కానీ ఆ నీలిబురద ఆమె చేతుల్ని తినేసింది. పుళ్లు పడ్డాయి. పక్కింటి సన్యాసమ్మ ఆముదం రాసి, ఇక చాలించమని బతిమాలింది.

“గూళ్లు ఇంకా ఉన్నాయి కదా వదినా,” అని అంకాలు చేతులకు గుడ్డలు చుట్టుకుని మళ్లీ దిగింది.

మిగతా మడుగు శుభ్రమయ్యేసరికి ఆమె వంతులో కొంచెమే మిగిలింది. ఆ పొద్దున అంకాలు లేవలేదు. జ్వరంతో పడుకున్నది పడుకున్నట్టే పోయింది.

ఊరు ఆమెను సాగనంపి మడుగు ఒడ్డుకు వచ్చింది. మాట ప్రకారం ఇక తుంగకు నిప్పు పెట్టాలి. కాగడా తెచ్చినవాడు సూరన్న ముఖంలోకి చూశాడు. సూరన్న పంచె ఎగగట్టి, అంకాలు తట్ట అందుకుని తుంగలో దిగాడు. పక్షులు బెదిరి గాలిలోకి లేచాయి. అవి మళ్లీ వాలేదాకా ఆయన కదల్లేదు. అప్పుడు వంగి, చేతులతో తట్ట నింపి ఒడ్డుకు తెచ్చాడు.

“ఇది అంకాలు వంతు,” అన్నాడు.

వెనకే సన్యాసమ్మ దిగింది. ఆమె వెనక ఊరు దిగింది, మనిషికి ఒక తట్ట. పొద్దు వాలేలోపు బురద అయిపోయింది. మర్నాడు ఏటి కాలువ తెరిచారు. పిల్లల వాంతులు కట్టాయి. ఇంకొన్నాళ్లకు తుంగలోంచి కొత్త రెక్కలు గుంపులు గుంపులుగా పైకి లేచాయి.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో చెరువు పూడిక తీసినా, కాలువ బాగుచేసినా, గూళ్లున్న చోట పారలు గట్టున పెట్టేస్తారు. పని అయ్యాక కూడా వెంటనే ఇంటికి పోరు. మళ్లీ దిగి, మనిషికి ఒక తట్ట ఎత్తుతారు. ఇదెవరి కోసమని కొత్తవాళ్లు అడిగితే, అంకాలు వంతు అంటారు.