రైలుకి గృహప్రవేశం

గుమ్మిడివలసలో తెలివి ఎక్కువైపోయి ఎక్కడ దాచుకోవాలో తెలియని ఇల్లు ఒకటుంది. ఇంటిపెద్ద ఎర్రునాయుడు రైలు పట్టాల ముఠాకి మేస్త్రి. ముఠా అంటే ఎవరో కాదు, భార్య పైడమ్మ, బావమరిది గౌరీసు. "మన బుర్రలే లేకపోతే ఈ ఊరు ఏటైపోను!" అని ముగ్గురూ అన్నానికి ముందోసారి, తర్వాతోసారి అనుకునేవాళ్ళు. ఊరు కూడా అదే మాట అనేది, కాకపోతే నవ్వాపుకుంటూ.

ఆ ఊళ్ళో రైలాగదు. వానొస్తే చాలు, నల్లమట్టి కంకరని మింగేసి పట్టాలు కుంగిపోయేవి. సొంత ఊళ్ళో రైలెక్కి దర్జాగా పుట్టింటికి వెళ్ళాలని పైడమ్మకి పెళ్ళయిన నాటినుంచీ ఒకటే కోరిక. చివరికి ఇంజినీరొచ్చాడు.

"పట్టాలు తీసి, కింద తారూ కంకరా కలిపి గట్టిగా పరవండి. నీళ్ళు దిగవు, పట్టాలు కుంగవు. ఈ తారే రైలుకి పునాది. పరీక్ష రైల్లో నేనే వస్తాను. అది సాఫీగా వెళితే ఇకనుంచి మీ ఊళ్ళో రైలాగుతుంది. లేదంటే లేదు."

అంతే. తారు పరిచారు. అబద్ధమెందుకు, బాగానే పరిచారు. పట్టాలూ బిగించారు. అక్కడితో ఇంటికెళ్ళి పడుకుంటే నాకీ కథ చెప్పే పని తప్పేది.

"బావా, పునాదేసి ఒగ్గేస్తారేటి ఎవలైనా? గోడలేవీ?" అన్నాడు గౌరీసు.

"అవున్రా! పాపం ఇంజినీరు బాబు, పెద్ద చదువులు కదా, మర్చిపోయుంటాడు," అని ఎర్రునాయుడు జాలిపడ్డాడు.

ఇంకేముంది! పట్టాలకి అటూ ఇటూ గోడలు లేచాయి. గోడలున్నాక గుమ్మం ఉండొద్దూ? పట్టాలకి అడ్డంగా గుమ్మం నిలబెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. గుమ్మం పెట్టాక గృహప్రవేశం చెయ్యొద్దూ? ముందు ఆవు వెళ్ళాలి గనక పైడమ్మ పక్కింటి ఆవుని తోలుకొచ్చింది.

"మరి రైలు కుడికాలు ముందెట్టాలి గదా?" అంది.

"దానికి కాళ్ళెక్కడివప్పా? చక్రాలే," అన్నాడు తమ్ముడు గౌరీసు.

"అయితే కుడి చక్రమే ఎట్టాలి."

ఎర్రునాయుడు గడ్డం గోక్కున్నాడు. గోక్కుని గోక్కుని, గుమ్మం లోపల ఎడమ పట్టా ఊడదీయించాడు. "ఇప్పుడు ఎడమ చక్రం ముందెలా ఎడతాదో చూస్తాను!"

కూతేసుకుంటూ పరీక్ష రైలు రానే వచ్చింది. డ్రైవరు గుమ్మాన్నీ ఆవునీ చూసి బ్రేకు వేశాడు. ఆవుకి బుద్ధుంది, తప్పుకుంది. రైలు ఈడ్చుకుంటూ గుమ్మంలో తలపెట్టి, ఎడమ చక్రం తారు మీదకి జారి, పక్కకి ఒరిగి ఆగిపోయింది. తారు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంజినీరు పని అంత గట్టిది.

ఆ ఇంజినీరే రైల్లోంచి కిందకి దూకాడు. "ఎవడ్రా రైలుకి ఇల్లు కట్టమంది?"

"పునాది తమరే ఏయించారు గదా బాబూ. మిగతాది మేం చూసుకున్నాం. తమరేటీ మొహమాటపడకండి," అన్నాడు ఎర్రునాయుడు.

"ఇంక ఈ జన్మలో మీ ఊళ్ళో రైలాగదు!"

పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే రైలు వంక చూసింది. "ఆగింది గదా బాబూ," అంటూ ముందే కట్టుకున్న మూట చంకన పెట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన సర్దుకుంది. "ఇంక పోనీండి, మా అమ్మ ఎదురుచూస్తంటాది."

"ఎలా పోతాదప్పా?" అన్నాడు గౌరీసు. "గృహప్రవేశమైన ఇంట్లో ఈ రేత్రి నిద్ర సెయ్యాల గదా!"

"నిజమేరా. అలిసిపోనాది పాపం, అప్పుడే ఒరిగిపోయింది," అన్నాడు ఎర్రునాయుడు. ఇంటికి పరిగెత్తి తలగడ తెచ్చి, చక్రం కింద మెత్తగా సర్ది, ఇంజినీరు వైపు తిరిగి నోటి మీద వేలేసుకున్నాడు.

"ఉష్! అరవకండి బాబూ. నిద్ర లేచిపోద్ది."